మంచానికి ఇంటర్నెట్ ఎందుకు? సర్వర్ పడుకుంటే మనం లేచి కూర్చోవాలా?

నిద్రమత్తు:
2025 దీపావళి, అంటే అక్టోబర్ 20, మధ్యాహ్నం పూట, చాలా కంపెనీలు అద్దెకి వాడుకునే అమెజాన్ సర్వర్లు పడిపోయిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. మనం ఇక్కడ టపాసులు ఎండలో పెట్టుకుంటున్నాం, అమెరికాలో అర్ధరాత్రి దాటింది. స్నాప్‌చాట్ ఆగిపోయింది, అలెక్సా పలకలేదు, రింగ్ డోర్‌బెల్ కెమెరాలు పనిచేయలేదు. అవన్నీ సరే, నన్ను ఇప్పటికీ వదలని వార్త మాత్రం పరుపుల వార్త. ఎయిట్ స్లీప్ అని ఒక కంపెనీ ఉంది, వాళ్ల పరుపు కవర్‌లో నీళ్లు తిరుగుతూ పడక చల్లగానో వెచ్చగానో ఉంటుంది, తల వైపు ఎత్తడం దించడం కూడా యాప్‌లోనే. రెండు వేల డాలర్ల పైమాటే, దాని మీద ఏటా చందా. సర్వర్ పోయేసరికి కొందరికి పరుపు వేడెక్కిపోయింది, కొందరికి తల ఎత్తిన చోటే ఆగిపోయింది, అర్ధరాత్రి కూర్చున్న భంగిమలో పడుకోవాలి! సీఈఓ క్షమాపణ చెప్పాడు, వెంటనే బ్లూటూత్‌తో నడిచే ఏర్పాటు కూడా పెట్టారు. పెట్టినందుకు మంచిదే. కానీ ఆ బ్లూటూత్ ఏర్పాటు మొదటి పరుపు అమ్మిన రోజే ఉండాలి కదండీ?

బెజవాడ_పిల్ల:
నవారు మంచం జిందాబాద్. కుంగితే బిగించుకోవడమే, పాస్‌వర్డ్ అక్కర్లేదు 😂

డల్లాస్_బాబాయ్:
నేను ఆ లైన్‌లోనే పనిచేస్తాను కాబట్టి అసలేం జరిగిందో చెప్తా. ఉత్తర వర్జీనియాలో అమెజాన్‌కి పెద్ద డేటా సెంటర్ల గుంపు ఉంది. అక్కడ డైనమోడీబీ అనే డేటాబేస్ ఎక్కడుందో మిగతా కంప్యూటర్లకి చెప్పే చిరునామా రికార్డు ఒకటుంటుంది. దాన్ని మనుషులు మార్చరు, ఆటోమేటిక్ ప్రోగ్రాములు మారుస్తాయి. రెండు ప్రోగ్రాములు ఒకేసారి దాని మీద చెయ్యి పెట్టడంతో రికార్డు ఖాళీ అయిపోయింది. డేటాబేస్ బాగానే ఉంది, దానికి దారే ఎవరికీ తెలియడం లేదు. అక్కణ్ణుంచి ఒకదాని మీద ఒకటి పడుతూ పోయాయి, అంతా సర్దుకునేసరికి దాదాపు 15 గంటలు. ఆ రాత్రి మేల్కొని పనిచేసిన ఇంజనీర్లలో మన తెలుగు పిల్లలు బోలెడంత మంది ఉంటారు, వాళ్లని తిట్టకండి. తిట్టాల్సింది పరుపుకి డేటాబేస్ ముడిపెట్టిన ఆలోచనని.

నిద్రమత్తు:
బాబాయ్ గారూ, ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. థాంక్స్ అండి.

బెజవాడ_పిల్ల:
పరుపు ఒక్కటేనా. బీఎండబ్ల్యూ వాళ్లు 2022లో కొరియాలో కారు సీటు వెచ్చగా అవడానికి నెలనెలా చందా పెట్టారు, నెలకి 18 డాలర్ల దాకా. వేడి చేసే తీగ సీటు లోపల ఉంది, దాని డబ్బులు కారు ధరలో ఎప్పుడో కట్టేశారు, అయినా చందా కడితేనే వెలుగుతుంది. జనం దుమ్మెత్తిపోస్తే 2023లో మానేశారు. ఆ కంపెనీ వాళ్లని మే నెలలో ఒకసారి మా బెంజ్ సర్కిల్ దగ్గర ఎండలో పార్క్ చేసిన కారెక్కించాలి. సీటు ఫ్రీగా కాలుతుంది, జీవితకాలం ప్లాన్ 🔥

మియాపూర్_మెట్రో:
😂😂😂 బెజవాడలో చందా కడితే చల్లబరిచే సీటు పెట్టండి, మేమే వచ్చి కడతాం.

నవ్వుకున్నాం గానీ నా బాధ కూడా వినండి. మా ఇంట్లో నెలవారీ ప్లాన్ మీద పెట్టించుకున్న వాటర్ ప్యూరిఫయర్ ఉంది, కంపెనీ పేరు చెప్పను. ఎన్ని లీటర్లు తాగామో అది నెట్‌లో వాళ్లకి పంపుతుంది. మేం నెట్ కనెక్షన్ మార్చుకున్నాం, వైఫై పేరు మారింది. ప్లాన్ గడువు ఇంకా ఉంది, డబ్బులు కట్టేశాం. అయినా మెషీన్ దానంతట అదే తాళం వేసుకుంది. లోపల ట్యాంకు నిండా శుద్ధి చేసిన నీళ్లు, పక్కనున్న గాజు కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాయి, కుళాయి తిప్పితే చుక్క రాదు. పైన చిన్న ఎర్ర లైటు మాత్రం టపటపా కొట్టుకుంటోంది. ఇంట్లో చుట్టాలు, వంటింట్లో మా అత్తయ్య చెంబు పట్టుకుని నిలబడి ఉన్నారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ముందు మెషీన్‌ని నెట్‌కి కలపండి సార్" అంటారు. కలపాలంటే యాప్‌లో ఓటీపీ రావాలి, ఆ ఓటీపీ మెషీన్ పెట్టించిన రోజు ఇచ్చిన పాత నంబర్‌కి పోతుంది. చివరికి కింద కొట్టుకెళ్లి ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చుకున్నాం. దాహానికి ఓటీపీ ఏంటండీ?

కోఠి_రిపేర్:
అన్నా, ఆ మెషీన్లు నా దగ్గరికి కూడా వస్తాయి. లోపల నీళ్లాపే వాల్వ్ ఒకటుంటుంది, సోలినాయిడ్ అంటాం, నలుపు ప్లాస్టిక్ ముక్క, అరచేతిలో పడుతుంది. బోర్డు నుంచి కరెంటు వస్తేనే తెరుచుకుంటుంది. మెషీన్‌కి ఏ రోగమూ ఉండదు, బోర్డు "ఇవ్వకు" అంటుంది, వాల్వ్ ఇవ్వదు. దాన్ని తప్పించడం పెద్ద పని కాదు గానీ అద్దె మెషీన్ కాబట్టి నేను ముట్టుకోను, తర్వాత కంపెనీ వాళ్లు కస్టమర్ మీద పడతారు. సొంతానికి కొన్న మెషీనే పెట్టుకోమని వచ్చినవాళ్లందరికీ చెప్తున్నా.

వకీలు_వాణి:
మియాపూర్ గారూ, ఇక్కడ ఒక తేడా చూసుకోవాలి. మెషీన్ అద్దెది అయితే అది వాళ్లదే, మీరు కొన్నది సేవ. డబ్బు తీసుకుని గడువు లోపల సేవ ఆపితే అది సేవాలోపం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. ఎర్ర లైటు వెలుగుతున్నప్పుడు తీసిన వీడియో, ప్లాన్ రసీదు, కస్టమర్ కేర్‌తో మాట్లాడిన తేదీ, ఇవి దాచుకోండి. నష్టపరిహారం ఎంత వస్తుందన్నది తర్వాతి మాట, ఫిర్యాదు నమోదు కావడమే కంపెనీని కదిలిస్తుంది.

మియాపూర్_మెట్రో:
వీడియో ఉంది మేడమ్! మా అత్తయ్య తీశారు, వెనక ఆవిడ వ్యాఖ్యానంతో సహా. అది కమిషన్ వాళ్లు వినాల్సిందే 😄

మాగాణి_పొలం:
మీరంతా పట్నం సామాన్ల గురించి మాట్లాడుతున్నారు, మా బోరు మోటారు గురించి చెప్తాను. మా నాన్నకి పొలం ఊరికి దూరం. స్టార్టర్ డబ్బాలో సిమ్ వేసే మొబైల్ స్టార్టర్ పెట్టాం. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే ఎత్తుకుని, మోటారు నడుస్తోందో లేదో, మూడు ఫేజులూ ఉన్నాయో లేదో తెలుగులో చెప్తుంది. ఒక నంబర్ నొక్కితే ఆన్, ఇంకోటి నొక్కితే ఆఫ్. దానికి యాప్ లేదు, అకౌంటు లేదు, వర్జీనియాతో పనే లేదు. మామూలు 2జీ సిగ్నల్ ఉంటే చాలు. రాత్రి రెండింటికి పాములు తిరిగే గట్టు మీద టార్చి పట్టుకుని నడవాల్సిన పని తప్పింది, అది మాకు చిన్న విషయం కాదు.

అసలు సంగతి ఇది: సిమ్‌లో బ్యాలెన్స్ అయిపోయినా, టవర్ పడిపోయినా, ఆ డబ్బా మీద పచ్చ బటన్, ఎర్ర బటన్ ఎప్పటిలాగే ఉన్నాయి. పొలానికెళ్లి పచ్చ బటన్ నొక్కితే మోటారు లేస్తుంది. ఫోన్ అనేది పైన తగిలించిన సదుపాయం, అంతే. దాన్ని తయారుచేసినవాళ్లకి రైతు తెలుసు, కరెంటు తెలుసు. పరుపు చేసినవాళ్లకి నిద్ర తెలియదు.

నిద్రమత్తు:
పొలం అన్నా, మొత్తం చర్చ నీ పచ్చ బటన్‌లో ఉంది. అదే నేను అడుగుతున్నది.

అంతా_ఆఫ్‌లైన్:
👏👏 ఆ పచ్చ బటన్ ఫోటో పెట్టండి అన్నా, మా ఆఫీసులో డిజైన్ చేసే వాళ్లకి చూపిస్తా.

ఫ్రిజ్_తలుపు:
నేనూ ఒకటి తెచ్చా. శాంసంగ్ ఫ్యామిలీ హబ్ ఫ్రిజ్‌లు తెలుసుగా, తలుపు మీద పెద్ద స్క్రీన్. రెండు మూడు వేల డాలర్లు పోసి కొన్న ఫ్రిజ్ మీద 2025లో అమెరికాలో ప్రకటనలు వేయడం మొదలుపెట్టారు, ముందు ప్రయోగంగా అన్నారు. స్క్రీన్ ఖాళీగా ఉన్నప్పుడు వస్తాయట. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద గ్యాస్ బుకింగ్ నంబరు, తిరుపతి నుంచి తెచ్చిన అయస్కాంతం, పాల లెక్క చీటీ ఉంటాయి. ప్రకటనకి జాగా లేదు, హౌస్‌ఫుల్!

బెజవాడ_పిల్ల:
అర్ధరాత్రి ఆవకాయ కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్తే "బరువు తగ్గాలనుకుంటున్నారా" అని జిమ్ ప్రకటన వచ్చిందనుకోండి, ఆ ఇంట్లో ఇక ఎవరూ సుఖంగా తినలేరు 😭

డల్లాస్_బాబాయ్:
ఒక్క నిమిషం, రెండో వైపు కూడా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మా అమ్మగారు గుడివాడలో ఒక్కరే ఉంటారు. హాల్లో కెమెరా పెట్టాను, ఆవిడ ఒప్పుకున్నాకే. పొద్దున్నే కాఫీ గ్లాసుతో కుర్చీలో కూర్చోవడం ఇక్కణ్ణుంచి చూస్తే ఆ రోజు నాకు పని సాగుతుంది. గీజర్ ఆపడం మర్చిపోతే నేను ఇక్కణ్ణుంచి ఆపుతాను. ఇది నెట్ లేకుండా, మధ్యలో ఏదో ఒక సర్వర్ లేకుండా కుదరదు. కాబట్టి క్లౌడ్ (ఇలా దూరాన ఉన్న సర్వర్ల మీద నడపడం) అంటేనే మోసం అంటే నేను ఒప్పుకోను. మనలాంటి దూరాన ఉన్న పిల్లలకి అది నిజంగా అవసరం.

మాగాణి_పొలం:
బాబాయ్, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. దూరం నుంచి చూసుకోవడం అవసరమే, నేను స్టార్టర్‌కి సిమ్ వేసింది కూడా అందుకే. కానీ అమ్మగారు గోడ మీద స్విచ్ వేస్తే గీజర్ వెలగాలి, మీ యాప్ బతికున్నా చచ్చినా.

డల్లాస్_బాబాయ్:
ఒప్పుకున్నా. స్విచ్ ఉంది, వెలుగుతుంది, చూసే పెట్టించాను.

అంతా_ఆఫ్‌లైన్:
సర్వర్ కాసేపు పడిపోవడం చిన్న కష్టం. కంపెనీ మనసు మార్చుకుంటే, మూతపడితే ఏంటి అన్నది అసలు కష్టం. రివోల్వ్ అని ఇంట్లో లైట్లు, తాళాలు నడిపే హబ్ ఉండేది, 300 డాలర్లు. దాన్ని గూగుల్ వాళ్ల నెస్ట్ 2014లో కొనేసింది, 2016 మేలో సర్వర్ ఆపేసింది, ఆ రోజుతో డబ్బా పనికిరాకుండా పోయింది. స్పాటిఫై కారు కోసం కార్ థింగ్ అని చిన్న స్క్రీన్ అమ్మింది 2022లో, 90 డాలర్లు. 2024 డిసెంబర్ 9న వాళ్లే ఆపేశారు. ఇక హ్యూమేన్ ఏఐ పిన్! చొక్కాకి తగిలించుకునే ఏఐ బిళ్ల, 700 డాలర్లు, పైన నెలకి 24. ఇక ఫోన్లకి కాలం చెల్లిందని అన్నారు. 2024 ఏప్రిల్‌లో వచ్చింది, 2025 ఫిబ్రవరి 28న సర్వర్లు ఆపేశారు, ఆస్తులు హెచ్‌పీ కొనుక్కుంది. ఆపేశాక ఏమేం పనిచేస్తాయి అని అడిగితే కంపెనీ చెప్పిన ఉదాహరణ: బ్యాటరీ ఎంత ఉందో చూసుకోవచ్చు.

ఫ్రిజ్_తలుపు:
బ్యాటరీ ఎంత ఉందో!!! 😂😂 దేనికి ఉందో మాత్రం అడక్కూడదు.

బెజవాడ_పిల్ల:
పది నెలలు. మా మేనకోడలు వేసుకునే బూట్లు కూడా అంతకన్నా ఎక్కువ కాలం వస్తాయి, అదీ రోజూ స్కూలుకెళ్లి.

వకీలు_వాణి:
ఇలా సొంతానికి కొన్న వస్తువుని తర్వాత ఆపేయడం, ఇల్లు అమ్మేసి తాళంచెవి తమ దగ్గరే ఉంచుకున్నట్టు. నాకు దీని మీద నిజంగా కోపం. మన దేశంలో 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, విడిభాగాలు, మాన్యువల్స్, సర్వీసు వివరాలు కంపెనీలు అందులో పెడుతున్నాయి. అది మంచి అడుగు. కానీ "ఈ వస్తువు సర్వర్ ఎన్నేళ్లు నడుపుతాం" అని పెట్టె మీద రాయాలన్న నియమం కావాలి. అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 2024లో 184 స్మార్ట్ వస్తువుల వివరాలు చూస్తే, 163 వస్తువుల విషయంలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎంతకాలం అందిస్తారో కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ వస్తువు పేజీలో లేదు. బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా గడువు తేదీ ఉంటుంది కదా, లక్ష రూపాయల వస్తువు మీద ఎందుకు ఉండకూడదు?

నిద్రమత్తు:
వాణి గారూ, ఈ పోస్ట్ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా? అక్కడ స్మార్ట్ తాళాల మోజు మొదలైంది.

వకీలు_వాణి:
తప్పకుండా పెట్టండి. తాళం అయితే లోపల మామూలు తాళంచెవి పట్టే రంధ్రం ఉందో లేదో ముందు చూడమనండి.

అంతా_ఆఫ్‌లైన్:
మంచి కథ కూడా ఒకటుంది. పెబుల్ స్మార్ట్ వాచీ గుర్తుందా? 2012లో, జనం ముందే డబ్బిచ్చి వస్తువు చేయించుకునే కిక్‌స్టార్టర్ సైట్‌లో కోటి డాలర్లు దాటి వసూలు చేసింది. 2016 చివర్లో కంపెనీ మూతపడింది, ఫిట్‌బిట్ అనే ఇంకో వాచీల కంపెనీ కొనుక్కుంది, 2018లో సర్వర్లు ఆపేశారు. అక్కడితో కథ ముగియాలి. కానీ ఆ వాచీని ప్రేమించినవాళ్లు రెబుల్ అని గుంపు కట్టి సొంత సర్వర్లు పెట్టి వాచీలని బతికించుకున్నారు. ఫిట్‌బిట్‌ని కొన్న గూగుల్ 2025 జనవరిలో పెబుల్ సాఫ్ట్‌వేర్‌ని అందరికీ ఇచ్చేసింది, దాంతో మొదట్లో వాచీ చేసినాయనే మళ్లీ కొత్త వాచీలు మొదలుపెట్టాడు. కంపెనీ తప్పుకునేటప్పుడు తాళాలు జనానికి ఇచ్చి వెళ్తే చాలు, మిగతాది మనవాళ్లు చూసుకుంటారు. ఇంట్లో నేను చేసింది కూడా అదే దారి: రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఇంటి సామాన్లు నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నా, లైట్లు, ఫ్యాన్లు ఇంట్లో వైఫైతోనే నడుస్తాయి, బయట నెట్ పోయినా తేడా తెలియదు. కొత్తగా కొనేవాళ్లు మ్యాటర్ అన్న గుర్తు ఉందేమో చూడండి, 2022లో వచ్చిన ప్రమాణం, ఇంట్లోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేశారు.

కోఠి_రిపేర్:
నెట్ సంగతి అటుంచండి, నా షాపుకి ఇప్పుడు ఎక్కువ వచ్చేది రిమోట్ పోయిన ఫ్యాన్. బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే కరెంటు తక్కువ తాగే రిమోట్ ఫ్యాన్లు, మంచివే, నేను కూడా అవే పెట్టుకోమంటా. పాత ఫ్యాన్ 75 వాట్లు తాగితే ఇది 30 దగ్గర ఉంటుంది, ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు వస్తుంది. కానీ పాత రెగ్యులేటర్ దానికి పనికిరాదు, తీసేయాలి. పిల్లలు రిమోట్‌ని సోఫాలో తొక్కేస్తారు, ఇంట్లో పెద్దాయన స్పీడు తగ్గించలేక దుప్పటి కప్పుకుని పడుకుంటారు. చాలా ఫ్యాన్లలో గోడ స్విచ్ ఆపి వేస్తే స్పీడు మారుతుంది, ఆ సంగతి పేపర్ మీద చిన్నగా రాసి ఉంటుంది, బిగించినవాడు చెప్పడు. కొనేటప్పుడే స్విచ్‌తో స్పీడు ఎలా మారుతుందో అడిగి చేయించి చూడండి. లోపలి బోర్డుకి వారంటీ ఎంతో కూడా అడగండి, మెరుపులు మెరిసినప్పుడు, వోల్టేజీ ఎగిరినప్పుడు ముందు పోయేది అదే.

బెజవాడ_పిల్ల:
అన్నా, మా తాతయ్య సమస్య తీర్చేశావ్! ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా, స్విచ్ ఆపి వేస్తే తగ్గిందట. "ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమే" అని నన్ను తిడుతున్నారు 😄

మియాపూర్_మెట్రో:
కంప్యూటర్లు పడిపోయిన రోజు మనుషులు ఎంత పనికొస్తారో చూశాం కదా. 2024 జులైలో క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్ దెబ్బకి ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకున్నాయి. మన శంషాబాద్‌లో ఇండిగో వాళ్లు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. పేరు, సీటు, విమానం నంబరు పెన్నుతో రాసిచ్చిన ఆ కాగితం ఫోటో ఎంత తిరిగిందో! విమానానికే పెన్నూ కాగితం దారి ఉన్నప్పుడు నా మంచినీళ్లకి ఎందుకు లేదు?

నిద్రమత్తు:
సరే, ఇప్పుడు ఒక పని మాట. అమ్మకి గీజర్ కొనాలి. షాపులో వైఫైది అంటగట్టాలని చూస్తున్నారు. కోఠి అన్నా, ఏం చూడాలి?

కోఠి_రిపేర్:
వైఫై ఉంటే ఉండనీ, డబ్బు ఎక్కువ తీసుకోకపోతే నష్టం లేదు. కింద వేడి తిప్పుకునే నాబ్ ఉండాలి. తెర మీద టచ్ బటన్లు మాత్రమే ఉన్నది వద్దు, తడి చేతులకి పలకవు. షాపులో డెమో పీసు ఉంటే, యాప్ కలపకుండా, ఫోన్ జేబులో పెట్టుకుని ఆన్ చేయమనండి. అది వెలిగి, నాబ్ తిప్పితే మాట వింటే తీసుకోండి. "ముందు యాప్‌లో రిజిస్టర్ చేయాలి సార్" అంటే బయటికొచ్చేయండి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే లోపలి ట్యాంకు వారంటీ ఎన్నేళ్లో, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే ఆనోడ్ రాడ్ మార్చడానికి ఎంత తీసుకుంటారో కూడా కనుక్కోండి. గీజర్ పోయేది అక్కడే, వైఫై దగ్గర కాదు.

వకీలు_వాణి:
బిల్లు మీద మోడల్ నంబర్ పూర్తిగా రాయించుకోండి. "గీజర్ ఒకటి" అని రాస్తే తర్వాత ఏమీ చేయలేం.

నిద్రమత్తు:
శనివారం వెళ్తున్నాం. తీసుకున్నాక మోడల్ ఇక్కడ పెడతా. పొలం అన్నా, ఆ స్టార్టర్ డబ్బా ఫోటో ఇంకా బాకీ ఉన్నావు.

మాగాణి_పొలం:
రేపు నీళ్లు కట్టడానికి వెళ్తా, తీసి పెడతా.